రెండు వాటాల ఇల్లు

ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు.
కొని, అద్దెకిచ్చి చూడమని
ఎవరూ అనలేదు.

ఓడెల్ ప్రూయిట్‌కి ఆ సామెత తెలియదు.
టొలీడోలో ముప్పై ఒక్కేళ్ళు
సిటీ బస్సుల కింద వెల్లకిలా పడుకుని నట్లు బిగించినవాడు.
రిటైరయ్యాక చేతికొచ్చిందంతా తెచ్చి
ఈ రెండు వాటాల చెక్క ఇంట్లో పోశాడు.
"మీరు నిద్రపోతున్నా ఇది సంపాదిస్తుంది"
అన్నాడు అమ్మినవాడు.
నిజమే అయ్యుంటుంది.
నిద్రపోవడమే కుదరడం లేదు.

రాత్రి రెండింటికి
కరెంటు బిల్లు కవరు వెనక లెక్క.
వచ్చేది తొమ్మిది వందలు, రెండుసార్లు.
అందులో బ్యాంకు వాటా.
ఇంటి పన్ను, అది ఊరి వాటా.
మొన్నటి వడగళ్ళ తర్వాత
బీమావాళ్ళు పెంచుకున్న వాటా.
ఎవరూ దిగని నెలకి, గాలి వాటా.
కప్పు మూలనుంచి చుక్క చుక్కగా
వాన తీసుకునే వాటా.
అన్నీ పోగా మిగిలిందాన్ని
మళ్ళీ కూడాడు, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ.
నలభై ఒకటి.
ఎన్నిసార్లు కూడినా నలభై ఒకటే.

అద్దె పెంచితే మంచి మనిషి పోతుందా,
పెంచకపోతే ఇల్లే పోతుందా?
కప్పు ఈ ఏడే వేయించాలా,
ఇంకో చలికాలం బకెట్టుతో నెట్టుకురావాలా?
గోడ మీద రంగుపెన్సిలు గీతకి
అడ్వాన్సులో ఎంత కోసుకోవాలి,
గీసినవాడికి ఇంకా ఐదేళ్ళు నిండలేదని తెలిసీ?
తనకి అరవై ఎనిమిది. ఇంటికి నూట నాలుగు.
ముందు ఎవరి కీళ్ళు పోతాయి?

పై వాటాలో మారిసెల్ ఒకాంపో.
రొట్టెల ఫ్యాక్టరీలో రాత్రి పని,
క్రిస్మస్ అవగానే షిఫ్టులు సగానికి కోశారు.
జనవరి ఐదు దాటింది. పన్నెండూ దాటింది.
"శుక్రవారం ఇస్తాను" అంది.
శుక్రవారం వచ్చింది,
ఒట్టి చేతులతో.

ఫోన్లో అక్క వెర్లీన్:
"అంత జాలి ఉన్నవాడివి
పావురాల్ని పెంచుకోవలసింది,
అద్దెలకివ్వడం ఎందుకురా?"

మూడు రోజుల నోటీసు
నాలుగు మడతలు పెట్టి కోటు జేబులో పెట్టుకున్నాడు.
"ఇచ్చాక పది డాలర్లు పుచ్చుకున్నా ఇది చెల్లకుండా పోవచ్చు"
అని కోర్టు గుమాస్తా చెప్పి పంపాడు.

మెట్లెక్కుతుండగానే తెలిసింది.
తలుపు తీసిన పిల్లవాడు
చేతులకి సాక్సు తొడుక్కుని ఉన్నాడు.
"ఫర్నేసు ఆగి మూడు గంటలైంది" అంది మారిసెల్.
"అద్దె బాకీ ఉన్న నోటితో
మీకెలా ఫోన్ చెయ్యను?"

దానికి జవాబు దొరక్క
నేలమాళిగలోకి దిగాడు.
వెనకాలే ఆమె, టార్చి పట్టుకుని.
బస్సు కింద పడుకున్నట్టే
ఒక పక్కకి ఒరిగి
మంటని కనిపెట్టే కడ్డీ మీది మసి గీకాడు.
భగ్గుమంది. నీలంగా నిలబడింది.
ఇక పొగగొట్టం లాగుతోందో లేదో చూడాలి,
చిన్న కాగితం పీలిక కావాలి.
జేబులో చెయ్యి పెట్టాడు.
అంచు నుంచి చింపాడు,
రాతలేని వైపు, జాగ్రత్తగా.
గొట్టం నోటి దగ్గర పట్టుకుంటే
పీలిక లోపలికి వంగింది.

"ఏం కాగితం అది?"
"లెక్కలది."

గోడల్లో రేకు గొట్టాలు
ఒక్కొక్కటే ఒళ్ళు విరుచుకుంటున్నాయి.
ఆమె స్వెట్టర్ చేతి మడతలోంచి
నూట అరవై తీసి,
అన్నీ ఐదులూ ఒకట్లే,
ఫర్నేసు మీద పెట్టింది.
అతను తీసుకోలేదు.
వద్దనీ అనలేదు.
నోట్లు మెల్లగా వెచ్చబడుతున్నాయి.

ముందు ఎవరు మెట్లెక్కాలో తెలియక
ఇద్దరూ అక్కడే నిలబడ్డారు.

పైనుంచి, చీకట్లో,
ఒక చిన్న సాక్సు
మెట్ల మీద వచ్చి పడింది.
కాసేపాగి, రెండోది.